వేలు పట్టుకుని నడిపించే మాట

పోయిన నెల ఈ శీర్షికలో గిట్టల గురించి రాస్తూ గిట్టల జంతువుల రెండు వర్గాలకు ఉన్న 'పెరిసోడాక్టిలా', 'ఆర్టియోడాక్టిలా' అనే పేర్లు వాడి, విడమరచి చెప్పకుండా ముందుకు వెళ్ళిపోయాను. పాఠకులు ఊరుకోలేదు. వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు 'డాక్టిల్' అనే ముక్క చుట్టూనే తిరిగాయి. అందుకే ఈసారి చోటంతా వేళ్ళకే ఇస్తున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా ఎముకలు చేత్తో పట్టుకుని శరీర నిర్మాణ శాస్త్రం పాఠం చెప్పినదాన్ని. ఈ మాట మీద నాకున్న ఇష్టం కింది జవాబుల్లో దాగదు.

ప్రశ్న: జీవశాస్త్రం పుస్తకం చివరి పదకోశంలో 'డాక్టిల్' అన్న మాటకు చేతి వేలు, కాలి వేలు అని రెండు అర్థాలు ఇచ్చారు. ఇంగ్లీషులో ఫింగర్ వేరు, టో వేరు కదా. గ్రీకులో కాలి వేలికి వేరే మాట లేదా? ఎక్కడ ఏ అర్థం తీసుకోవాలి?
— ఇంటర్మీడియట్ విద్యార్థిని

జవాబు: అర్థాలు రెండు లేవమ్మా, ఒక్కటే ఉంది. ఆ పదకోశం ఇంగ్లీషు నుంచి తీసుకున్నది కాబట్టి నీకు రెండుగా కనిపిస్తోంది. ఒకసారి అరచెయ్యి, పాదం పక్కపక్కన పెట్టుకుని తెలుగులో పేర్లు చెప్పు. చేతి వేళ్ళు, కాలి వేళ్ళు. బొటనవేలు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. చిటికెన వేలూ అంతే. మనకు 'వేలు' ఒక్కటే మాట. ఎక్కడిదో చెప్పాల్సి వస్తే ముందు చెయ్యి అనో కాలు అనో చేరుస్తాం. గ్రీకువాళ్ళు చేసిందీ అదే. వాళ్ళ 'డాక్టులోస్' మన 'వేలు'కు సరిసమానం. కాలిదని స్పష్టం చేయాల్సి వస్తే 'పాదపు డాక్టులోస్' అనేవారు.

ఇంగ్లీషువాడు ఈ పదాలు నేర్చుకునేటప్పుడు ప్రతిచోటా 'ఫింగర్ లేదా టో' అని రెండు మాటలు మోయాలి. నీకు ఆ బరువు లేదు. నేను మొదటి సంవత్సరం చదివేటప్పుడు ఈ పదాల పట్టికను మూడు వారాలు బట్టీ పట్టి, మూడు వారాలూ మరిచిపోయాను. చివరికి ఒక రాత్రి విసుగొచ్చి, నోటుపుస్తకం అంచున ప్రతి పదం పక్కనా పెన్సిలుతో 'వేలు' అని రాసుకుంటూ పోయాను. ఇక మిగిలింది ముందు ముక్కే. పాలీ అంటే ఎక్కువ, ఆలిగో అంటే తక్కువ. బ్రాకీ పొట్టి, మాక్రో పెద్ద. సిన్ అంటే కలిసి, కాబట్టి సిండాక్టిలీ అంటే వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుని ఉండటం. కాంప్టో అంటే వంపు, వేలు అరచేతి వైపు వంగి ఉంటుంది. క్లైనో అంటే వాలు, వేలు పక్కకు ఒరిగి ఉంటుంది. ఈ చివరి రెండింటినీ విద్యార్థులు తారుమారు చేస్తూనే ఉంటారు. అరాక్నో అంటే సాలెపురుగు. మార్ఫాన్ సిండ్రోమ్ అనే జన్యు జబ్బు ఉన్నవారిలో సన్నగా, బాగా పొడవుగా ఉండే వేళ్ళకు అరాక్నోడాక్టిలీ అని పేరు. ఆ పేరు పెట్టినవాడి కంటికి సాలెపురుగు కాళ్ళు కనిపించాయి. నాకైతే వీణ మీద ఆడే వేళ్ళు కనిపిస్తాయి.

ఇరుగుపొరుగు ముక్కలతో మాత్రం జాగ్రత్త. 'పోడ్' అంటే పాదం. 'కైర్' అంటే చెయ్యి, గబ్బిలాల వర్గానికి కైరోప్టెరా, అంటే చేతిరెక్కలవి, అనే పేరు దాని నుంచే వచ్చింది. 'ఓనిక్' అంటే గోరు. వేలి ఎముకలకు పెట్టిన 'ఫాలాంక్స్' కూడా గ్రీకే. వరుసకట్టి నిలబడిన సైనిక దళానికి ఆ పేరు. ఒక్కో చేతిలో అలాంటి ఎముకలు 14, బొటనవేలికి రెండు, తక్కిన నాలుగింటికీ మూడేసి. పాదంలోనూ లెక్క ఇదే. పరీక్షలో 'వేళ్ళు' అని రాయి, చేతివో కాలివో ప్రశ్నే చెబుతుంది.

ప్రశ్న: పెరిసోడాక్టిలా అంటే బేసి వేళ్ళవి అంటారు. కానీ ఆ వర్గంలోనే ఉన్న, పొట్టి తొండం గల అడవి జంతువు టేపిర్‌కు ముందు కాళ్ళకు నాలుగేసి వేళ్ళు ఉంటాయని చదివాను. నాలుగు బేసి ఎలా అవుతుంది?
— జంతుశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు

జవాబు: మంచి చోట పట్టుకున్నారు. గ్రీకులో పెరిసోస్ అంటే బేసి, ఆర్టియోస్ అంటే సరి. రిచర్డ్ ఓవెన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1848లో ఈ రెండు వర్గాలనూ విడదీశాడు. పేర్లు లెక్కను చెబుతున్నాయి, అసలు తేడా మాత్రం లెక్కలో లేదు. ఒంటి బరువు ఏ వేలి మీదుగా నేలకు దిగుతుందన్నదే తేడా. గుర్రం, ఖడ్గమృగం, టేపిర్ మూడింటిలోనూ బరువు నడిమి వేలు మీదుగా, అంటే మూడో వేలి మీదుగా దిగుతుంది. ఖడ్గమృగానికి ఆ నడిమి వేలికి అటొకటి ఇటొకటి ఉండి మూడయ్యాయి. గుర్రానికి పక్కవి పోయి నడిమిది ఒక్కటే మిగిలింది, మనం గిట్ట అంటున్నది ఆ ఒక్క వేలి గోరే. టేపిర్‌కు వెనక మూడు, ముందు నాలుగు. అయినా ముందు పాదంలోనూ పెద్దది మూడో వేలే.

ఆవులో బరువు మూడో వేలికీ నాలుగో వేలికీ నడుమ గుండా దిగుతుంది. అందుకే రెండూ సమానంగా పెరిగి, చీలిన గిట్టలా కనిపిస్తాయి. ఈసారి పడుకున్న ఆవు కనబడితే దాని కాలు వెనక వైపు, గిట్టకు కాస్త పైన చూడండి. నేలకు తగలని రెండు చిన్న గోటి బుడిపెలు ఉంటాయి. అవి రెండో వేలు, ఐదో వేలు. పోయింది బొటనవేలు ఒక్కటే. సరి వేళ్ళ వర్గంలోనూ లెక్క తప్పే జంతువు ఉంది. అమెరికా ఖండాల్లో పందిని పోలిన పెకరీకి వెనక కాళ్ళకు మూడేసి వేళ్ళే. ఇంకా దూరం వెళ్తే తిమింగలాలు కూడా ఈ సరి వేళ్ళ వంశానివే. వాటికి వెనక కాళ్ళే బయటికి కనిపించవు.

పిల్లలకు చెప్పేటప్పుడు వేళ్ళు లెక్కపెట్టించండి, కానీ అక్కడితో ఆపకండి. తమ నడిమి వేలి మీద అరచేతిని బల్లకు ఆనించి నిలబెట్టమనండి, తరువాత నడిమి, ఉంగరపు వేళ్ళు రెండింటి మీదా నిలబెట్టమనండి. గుర్రం, ఆవు రెండూ వాళ్ళ చేతిలోనే ఉన్నాయని అర్థమవుతుంది.

ప్రశ్న: మా పాప రెండు చేతులకూ చిటికెన వేలి పక్కన చిన్న ఆరో వేలితో పుట్టింది. ఆసుపత్రి కాగితం మీద 'పోస్ట్ యాక్సియల్ పాలీడాక్టిలీ' అని రాశారు. ఆ మాట చూసి ఇంట్లో అందరం భయపడ్డాం. దాని అర్థం చెప్పగలరా?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి ముందు నాకు కోపం వచ్చింది. కాగితం మీద రాసినవాళ్ళు రెండు నిమిషాలు కూర్చుని మీతో మాట్లాడి ఉంటే ఈ భయం ఉండేది కాదు. పాలీ అంటే ఎక్కువ, డాక్టిల్ అంటే వేలు. యాక్సిస్ అంటే చేతి నడుమ గీసుకున్న ఊహారేఖ. పోస్ట్ అంటే దానికి ఆవలి వైపు, చిటికెన వేలి పక్క. ఈ రెండూ లాటిన్ ముక్కలు. మొత్తం కలిపితే 'చిటికెన వేలి పక్కన అదనపు వేలు'. మీరు పాపను ఎత్తుకున్న మొదటి నిమిషంలో చూసి చెప్పిందే అక్కడ రాసి ఉంది. బొటనవేలి వైపు వస్తే ప్రీ యాక్సియల్ అని రాసేవారు.

గర్భంలో చెయ్యి మొదట చిన్న తెడ్డులా మొలుస్తుంది. ఆరో వారం ప్రాంతంలో అందులో వేళ్ళ గీతలు కనిపిస్తాయి. గీతల నడుమ ఉన్న కణాలు చనిపోయి, ఎనిమిదో వారం ముగిసేసరికి వేళ్ళు విడివడతాయి. ఆ గీతలు వేసే సంకేతాల్లో చిన్న తేడా వస్తే ఒక గీత ఎక్కువ పడుతుంది. మీరు తిన్నదాని వల్లో చేసిన పని వల్లో ఇలా అయిందని ఎవరైనా అంటే నమ్మకండి. చాలా కుటుంబాల్లో ఇది వంశంలోనే వస్తుంది. 18వ శతాబ్దంలోనే మోపెర్తుయి అనే ఫ్రెంచి శాస్త్రవేత్త బెర్లిన్‌లోని ఒక కుటుంబంలో ఆరు వేళ్ళు ఎవరెవరికి వచ్చాయో తరతరాలుగా గుచ్చి గుచ్చి అడిగి రాసుకున్నాడు. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కూడా అవి సంక్రమిస్తాయని తేల్చాడు. అప్పటికి జన్యువు అన్న మాటే లేదు. మీ ఇద్దరి ఇళ్ళలోనూ పెద్దవాళ్ళను అడిగి చూడండి, చిన్నప్పుడే తీయించేసుకుని ఎవరికీ చెప్పని ముత్తాత ఒకరు బయటపడవచ్చు.

వైద్యుణ్ణి అడగాల్సినవి రెండు. ఆ వేలిలో ఎముక ఉందా, లేక సన్నని తొడిమతో వేలాడే కండేనా? తీయించాలా, ఎప్పుడు తీయించాలి అన్నది దాన్ని బట్టి ఉంటుంది. రెండోది, పాపను తల నుంచి పాదం దాకా పూర్తిగా చూశారా? అదనపు వేలు చాలామందిలో ఒంటరిగానే వస్తుంది, కొందరిలో మరికొన్ని లక్షణాలతో కలిసి వస్తుంది. అందుకే ఒకసారి నిదానంగా పరీక్ష చేయించడం అవసరం. వేలిని ఇంట్లో దారంతో బిగించి కట్టే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి, రక్తం కారవచ్చు, చీము పట్టవచ్చు. పాపకు నా ముద్దులు, పన్నెండు వేళ్ళకూ.

ప్రశ్న: అందరికీ ఐదు వేళ్ళే ఎందుకు? టెరోడాక్టిల్‌కు ఎన్ని? దాని పేరు ఇంగ్లీషులో 'పి' అక్షరంతో రాసి 'ట' అని ఎందుకు పలుకుతారు?
— ఏడో తరగతి విద్యార్థి

జవాబు: బాబూ, ఐదు వేళ్ళ నమూనాకు 'పెంటాడాక్టిల్' అని పేరు. పెంటా అంటే ఐదు. అయితే మొదట్లో ఐదే ఉండాలన్న నియమం ఏదీ లేదు. సుమారు 36 కోట్ల ఏళ్ళ కిందటి అకాంతోస్టెగా అనే తొలి నాలుగు కాళ్ళ జీవికి ముందు పాదానికి ఎనిమిదేసి వేళ్ళు ఉండేవి. ఇక్తియోస్టెగాకు వెనక పాదానికి ఏడు, ట్యూలర్‌పెటాన్‌కు ఆరు. ఆ తరువాత వచ్చిన వంశాల్లో ఐదు స్థిరపడింది. ఐదు నుంచి తగ్గించుకున్న జంతువులు లెక్కలేనన్ని. కప్ప ముందు కాళ్ళు చూడు, నాలుగే ఉంటాయి. పెంచుకున్నట్టు కనిపించే పాండాకు ఉన్న ఆరోది అసలు వేలే కాదు, మణికట్టులోని ఒక చిన్న ఎముక పెరిగి బొటనవేలి పని చేస్తోంది.

ఎప్పుడో అంతరించిపోయిన ఎగిరే సరీసృపం టెరోడాక్టిల్. దాని పేరులో మొదటిది 'ప్టెరాన్', అంటే రెక్క. గ్రీకువాళ్ళు ప, ట రెండూ కలిపి పలికేవారు, ఇంగ్లీషు నాలుక పదం మొదట్లో ఆ జంటను పలకలేక 'ప'ను వదిలేసింది. అదే ముక్క పదం నడుమ వస్తే పలుకుతుంది. హెలికాప్టర్ చూడు. చాలామంది దాన్ని హెలి, కాప్టర్ అని విరుస్తారు. సరైన విరుపు హెలికో, ప్టర్: సుడి తిరిగే రెక్క. మన 'పత్రం' కూడా ఈ ప్టెరాన్‌కు దూరపు చుట్టమే, సంస్కృతంలో పత్రమంటే ఆకే కాదు, పక్షి రెక్క కూడా.

ఆ జంతువుకు చేతికి నాలుగు వేళ్ళు. మూడు చిన్నవి, గోళ్ళున్నవి. నాలుగోది, మన ఉంగరపు వేలి స్థానంలోది, ఒంటి పొడవును మించి సాగి రెక్క పొర మొత్తాన్నీ మోసేది. జర్మనీలోని బవేరియా సున్నపురాతి పలకలో దొరికిన ఆ అస్థిపంజరాన్ని 1784లో కొల్లీని వర్ణించాడు. అది ఏ జంతువో ఆయనకు తేలలేదు. ఎగిరే సరీసృపమని 1801లో గుర్తించినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త జార్జ్ కువియే, 1809లో 'రెక్కవేలు' అని పేరు పెట్టినవాడూ ఆయనే. గబ్బిలం నాలుగు వేళ్ళ మధ్య పొర పరుచుకుని ఎగిరితే, ఇది ఒక్క వేలితో ఎగిరింది. ఒక కాగితం మీద నీ చెయ్యి గీసి, ఉంగరపు వేలిని కాగితం అంచు దాకా సాగదీసి చూడు.

ప్రశ్న: గ్రీకు ఛందస్సులో 'డాక్టిల్' అనే గణం ఉందని విన్నాను. మీరు చెప్పే వేలికీ దానికీ సంబంధం ఉందా?
— విశ్రాంత తెలుగు పండితుడు

జవాబు: ఉందండీ, మీలాంటివారు అడిగినందుకు సంతోషం. ఒక గురువు, రెండు లఘువులు. మన భగణమే. 'భారత', 'కోమల' అన్న మాటలు ఎలా నడుస్తాయో అలా. వేలిని చాచి చూస్తే మొదటి కణుపు పొడవు, తరువాతి రెండూ పొట్టి, అందుకే ఆ పేరు అని చెబుతూ వస్తున్నారు. నాకు మరీ నచ్చిన సంగతి ఏమిటంటే, ఆ మాటే ఆ గణంలో ఉంది. గ్రీకు పలుకుబడికి దగ్గరగా రాస్తే అది 'దక్తులొస్'. చివరి సకారాన్ని పక్కన పెట్టండి. 'ద' హ్రస్వమే, అయినా తరువాత సంయుక్తాక్షరం ఉంది కాబట్టి గురువైంది. ఆ తరువాత రెండూ లఘువులు. మన లక్షణగ్రంథాలు చెప్పే సూత్రమే అక్కడా పనిచేస్తోంది.

హోమర్ కావ్యాలు రెండూ ఈ గణం మీదే నడుస్తాయి. పాదానికి ఆరు గణాలు, చివరిది రెండక్షరాలు. భగణం రావలసిన చోట రెండు గురువులు కూడా వేసుకోవచ్చు. మన కందంలో భ, గగ రెండూ నాలుగు మాత్రల గణాలుగా ఒకే చోట చెల్లుతాయి కదా, అలాగే. ఆ కావ్యాల్లో ఉషస్సుకు 'గులాబీ వేళ్ళది' అనే విశేషణం మళ్ళీ మళ్ళీ వస్తుంది, 'రోడోడాక్టులోస్'. ఆ విశేషణంలో ఉన్నదీ మన వేలే.

మీకు ఇంకొకటి చెప్పాలి. గ్రీకులో డాక్టులోస్ కొలత కూడా, వేలి వెడల్పు. పదహారు వేళ్ళు ఒక అడుగు, ఇరవై నాలుగు ఒక మూర. మన పాత లెక్కలోనూ ఇరవై నాలుగు అంగుళాలు ఒక హస్తం, అంగుళమంటే వేలే. ఉంగరానికి వాళ్ళు వేలి నుంచి 'డాక్టులియోస్' అన్న మాట చేసుకుంటే, మనవాళ్ళు అంగుళి నుంచి అంగుళీయకం చేసుకున్నారు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారని నేను అనను. మనిషికి ఎక్కడికి పోయినా వెంట ఉండే కొలబద్ద చెయ్యే.

ప్రశ్న: పక్షుల ఫోటోలు తీస్తాను. 'జైగోడాక్టిల్', 'అనైసోడాక్టిల్' లాంటి మాటలు పుస్తకాల్లో వస్తాయి. గుర్తుపెట్టుకునే దారి చెప్పండి.
— ఒక పాఠకుడు

జవాబు: జైగోన్ అంటే కాడి, రెండు ఎద్దులను జత చేసేది. మన 'యుగళం'లోని యుగం దాని తోబుట్టువు. చిలుక, వడ్రంగి పిట్ట, కోకిల, వీటికి రెండు వేళ్ళు ముందుకు, రెండు వెనక్కు, రెండు జతలుగా ఉంటాయి. అది జైగోడాక్టిల్. బురదలో ఆ అడుగు పడితే గుణకారం గుర్తులా ఉంటుంది. చిలుక గింజను పట్టుకుని నోటి దాకా ఎత్తే ఫోటో మీ దగ్గర ఉండే ఉంటుంది, పెద్దది చేసి చూడండి. గింజకు ఇటు రెండు, అటు రెండు. కాకి, పిచ్చుకలది మామూలు అమరిక, ముందు మూడు, వెనక ఒకటి. 'ఐసో' అంటే సమానం, 'అన్' అంటే కానిది, అసమానం కాబట్టి అనైసోడాక్టిల్. లకుముకి పిట్టకు ముందు వేళ్ళలో రెండు చాలా దూరం కలిసిపోయి ఉంటాయి, సిండాక్టిల్. పసిపిల్లల ఆసుపత్రి కాగితం మీద కనిపించే సిండాక్టిలీ ఇదే మాట. అక్కడ చికిత్స చేయాల్సినది ఇక్కడ పక్షికి సహజం.

స్విఫ్ట్ పక్షులు నాలుగు వేళ్ళనూ ముందుకు తిప్పి గోడను పట్టి వేలాడగలవు, అది పాంప్రోడాక్టిల్. ట్రోగన్‌లు అనే అడవి పక్షులు జైగోడాక్టిల్‌లాగే కనిపిస్తాయి కానీ వెనక్కు తిరిగిన వేలు వేరు. వాటిలో మొదటిది, రెండోది వెనక్కు, చిలుకలో మొదటిది, నాలుగోది వెనక్కు. ట్రోగన్‌ల అమరికకు హెటిరోడాక్టిల్ అని పేరు, 'వేరే రకం వేళ్ళు' అని. ఇంకే పక్షి కుటుంబంలోనూ అది కనబడదు.

ప్రశ్న: మొక్కల పేర్లలో కూడా ఈ ముక్క ఉంటుందా?
— ఒక గృహిణి

జవాబు: మీ పాదాల కిందే ఉంది. గరిక శాస్త్రనామం సైనోడాన్ డాక్టిలాన్. సైనోడాన్ అంటే కుక్కపన్ను. డాక్టిలాన్ ఎందుకో తెలియాలంటే పూత వచ్చిన గరిక కాడ ఒకటి తెంచండి. కొన దగ్గర ఒకే చోటు నుంచి నాలుగో ఐదో సన్నని కంకులు విచ్చుకుని ఉంటాయి, అరచెయ్యి లేని వేళ్ళలా. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ ఆ వేళ్ళను చూసే పేరు పెట్టాడు. ఖర్జూరానికి ఆయన పెట్టిన పేరు ఫీనిక్స్ డాక్టిలిఫెరా, వేళ్ళను మోసేది. ఖర్జూరప్పండును గ్రీకులో 'వేలు' అనే పిలిచేవారు. ఇంగ్లీషు 'డేట్' అన్న మాట చివరికి అక్కడికే చేరుతుంది. అసలు ఆ పండు పేరు అరబ్బు, హీబ్రూ భాషల కుటుంబం నుంచి వచ్చిందనీ, గ్రీకు చెవికి అది వేలులా వినిపించిందనీ చెప్పే పండితులూ ఉన్నారు.

డాక్టిలోరైజా అని ఒక ఆర్కిడ్ ప్రజాతి ఉంది. రైజా అంటే వేరు. దాని దుంప చీలి అరచేతిలా ఉంటుంది. ఈ పేరును తెలుగు చేయబోతే వచ్చేది 'వేళ్ళలాంటి వేళ్ళు'. వేలుకూ వేరుకూ బహువచనం ఒకటే అయిన భాషలో తప్ప ఇది ఇంత ముద్దుగా కుదరదు.

ప్రశ్న: ఒక్కో వేలికి విడిగా గ్రీకు పేర్లు లేవా? పాలెక్స్, హాలక్స్ గ్రీకేనా?
— నర్సింగ్ విద్యార్థిని

జవాబు: ఆ రెండూ లాటిన్. పాలెక్స్ చేతి బొటనవేలు, హాలక్స్ కాలి బొటనవేలు. 'డిజిట్' కూడా లాటినే. గ్రీకులో పేర్లు ఉన్నాయి, సైన్సులోకి రాలేదు. బొటనవేలు 'ఆంటికైర్', చేతికి ఎదురు నిలిచేది. చూపుడు వేలు 'లిఖానోస్', నాకే వేలు. నడిమి వేలు 'మెసోస్', నడిమిదే. ఉంగరపు వేలు 'పారామెసోస్', నడిమిదాని పక్కది. సంస్కృతంలో అది అనామిక, పేరు లేనిది. గ్రీకువాళ్ళూ దానికి సొంత పేరు ఇవ్వకుండా పొరుగుదాని పేరుతో సరిపెట్టారు. వార్డులో మాత్రం అంకె రాసినా వేలి పేరు కూడా తప్పకుండా రాయి. 'మూడో వేలు' అన్నప్పుడు బొటనవేలిని కలిపి లెక్కపెట్టేవారూ ఉన్నారు, వదిలేసేవారూ ఉన్నారు. తప్పు వేలికి కత్తి తగలకుండా ఆపేది ఆ ఒక్క మాటే.

ప్రశ్న: పిల్లలకు ఈ మాటను కళ్ళారా చూపించే తేలిక మార్గం ఏదైనా ఉందా?
— ఒక తాతగారు

జవాబు: ఇంటి బల్లి ఉంది కదండీ. దాని ప్రజాతి పేరు హెమిడాక్టిలస్, 'సగం వేలు'. బల్లుల శాస్త్రవేత్తలు వేళ్ళు చూసి పేర్లు పెట్టడంలో తీరిక లేకుండా గడిపారు. ఆకు వేలుది ఫైలోడాక్టిలస్, బంతి వేలుది స్ఫీరోడాక్టిలస్, వంకర వేలుది సిర్టోడాక్టిలస్. రాత్రి గదిలో దీపం ఉంచి, కిటికీ అద్దానికి బయటి వైపున బల్లి వచ్చేదాకా ఆగండి. లోపలి నుంచి చూస్తే దాని పాదాల అడుగు భాగం మీ ముక్కుకు ఎదురుగా ఉంటుంది. ప్రతి వేలూ మొదట్లో వెడల్పుగా, మెత్తలా ఉంటుంది, దాని మీద రెండు వరుసల్లో అడ్డగీతలు. ఆ గీతల మీద కంటికి ఆనని లక్షల నూగు, అద్దాన్ని పట్టుకునేది అదే, జిగురు ఏమీ లేదు. మెత్త అయిపోయిన చోట, దానిలోంచి లేచినట్టుగా, చివరి కణుపు సన్నగా గోరుతో బయటికి వస్తుంది. బల్లి కదిలినప్పుడు కళ్ళు తిప్పకుండా చూడమనండి. అది వేలిని మొదలు నుంచి ఎత్తదు. కొన నుంచి పైకి చుట్టుకుంటూ అద్దాన్ని వదిలిస్తుంది, కవరు మీది బిళ్ళను మనం ఒక మూల నుంచి ఒలిచినట్టు.